పాత ఏసీ విప్పే రోజు జాగ్రత్త

తిరుపతిలో ఉగాది దాటాక ఏసీ మెకానిక్ దొరకడమంటే దర్శనం టోకెన్ దొరికినట్టే. దొరికినా రోజుకు ఏడెనిమిది ఇళ్లు ఒప్పుకుని పరుగుల మీద వస్తాడు. ఆ తొందరలో ఎగ్గొట్టే పనులే తర్వాత మన మెడకు చుట్టుకుంటాయి. అందుకే పదేళ్లు దాటి మొరాయిస్తున్న ఏసీని మార్చాలనుకుంటే శివరాత్రికి అటూఇటూగా మార్చేయండి. రోహిణి కార్తె దాకా లాగొద్దు.

చల్లదనం తగ్గిందని వెంటనే కొత్తది కొననక్కర్లేదు. చాలాసార్లు దుమ్ము పట్టిన కాయిల్ గానీ, పోయిన కెపాసిటర్ (మోటారు తిరగడానికి కరెంటు నిల్వ చేసి ఇచ్చే చిన్న భాగం) గానీ కారణం. కానీ ఏటా గ్యాస్ పట్టించాల్సి వస్తోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఏసీలో గ్యాస్ వాడకంతో అరిగిపోయేది కాదు. అవుట్‌డోర్ యూనిట్ మీది స్టిక్కర్‌లో ఆర్22 అని ఉంటే దాని మీద ఇంక డబ్బు పోయొద్దు. ఓజోన్ పొరను దెబ్బతీసే ఆ గ్యాస్‌ను క్రమంగా తగ్గించేస్తున్నారు. 'ఆర్22 బదులు ఆర్32 పట్టేస్తా, చల్లగా ఉంటది' అని ఎవరన్నా అంటే అసలు ఒప్పుకోవద్దు. కొత్త ఏసీల్లో చాలావాటికి వాడే ఆర్32కి పీడనం బాగా ఎక్కువ, పైగా అంటుకునే గుణం ఉంది. పాత యంత్రాన్ని దానికోసం చేయలేదు.

ఏ కంపెనీ, ఎన్ని స్టార్లు అని నెలరోజులు చర్చిస్తాం. పాతది విప్పే అరగంటను మాత్రం ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే మొత్తం పనిలో ప్రమాదమంతా అక్కడే. విప్పే ముందు పైపుల్లోని గ్యాస్‌ను అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి వాల్వులు మూస్తారు. దీన్ని పంప్ డౌన్ అంటారు. ఆ సమయంలో కంప్రెసర్ నడుస్తుండగా పైపు వదులై గాలి లోపలికి చేరితే, ఆ గాలి, ఆయిలు కలిసి ఒత్తిడికి మండి కంప్రెసర్ పేలిపోవచ్చు. పిల్లల్ని దూరంగా ఉంచండి, మీరూ పక్కన నిలబడి వీడియో తీయొద్దు. లీకు పరీక్షకు నైట్రోజన్ మాత్రమే వాడాలి. ఆక్సిజన్ సిలిండర్ తెస్తే పని అక్కడికక్కడే ఆపించండి, మొహమాటపడొద్దు. మెయిన్ ఆపినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, కాబట్టి మూత తీసి వేలు పెట్టి చూసే ఉత్సాహం వద్దు. రెండో అంతస్తు గోడకు వేలాడే యూనిట్ అయితే తాడు, సేఫ్టీ బెల్టు లేకుండా మనిషిని దిగనివ్వకండి.

తర్వాత వైరింగ్. కొర్లగుంట లాంటి చోట పాత మిద్దె ఇళ్లలో టీవీకి వేసిన లైన్ మీదే ఏసీ నడిపించేస్తుంటారు. ఒకటిన్నర టన్నుకు విడి లైను, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల ప్లగ్గు, సొంత ఎంసీబీ (లోడు మించితే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి. పాత ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపిస్తే అది కాలిన గుర్తు. కరెంటు బిల్లు మీద మంజూరైన లోడు ఎంతో చూసుకుని, చాలకపోతే కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్‌కు అదనపు లోడు కోసం దరఖాస్తు పెట్టండి.

అవుట్‌డోర్ యూనిట్‌కు తుప్పు పట్టిన పాత స్టాండే మళ్లీ వాడతామంటే ఒప్పుకోవద్దు. నేల మీద పెడితే ఎత్తు దిమ్మె కట్టించండి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో వీధులు ఎలా మునిగాయో గుర్తుందిగా. అలిపిరి వైపు ఇళ్లయితే పైపుల మీది తొడుగును కోతులు పీకకుండా గట్టి పీవీసీ గొట్టంలోంచి తీసుకెళ్లమనండి.

బిగించేటప్పుడు పైపుల్లోని గాలిని, తేమను లాగేసే వాక్యూమ్ పంపు పెట్టారా లేదా అన్నదొక్కటి కళ్లారా చూడండి. కాస్త గ్యాస్ వదిలి పైపుల్లోని గాలిని తరిమేయడం పాత అలవాటు, ఆర్32కి అది ప్రమాదం. ఆర్22కి వాడిన రాగి పైపుల్లో పాత ఆయిలు ఉంటుంది, వీలైతే కొత్తవే వేయించండి. అందుకయ్యే ఖర్చు ముందే అడిగి రాయించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో అదీ చూసుకోండి.

పాతదాన్ని పాత సామాన్లవాళ్లకు ఇస్తే రాగి కోసం పైపులు కోసి గ్యాస్ గాల్లో కలిపేస్తారు. నాలుగు డబ్బులు తక్కువొచ్చినా ఎక్స్ఛేంజ్‌లో షాపుకే ఇచ్చేయండి.