కొత్త ఎంపీ నిధులతో మీ వీధిలో పని: దరఖాస్తు ఎలా పెట్టుకోవాలి

ఎంపీ నిధుల కోసం వెళ్లేవాళ్లు చాలామంది ఎంపీయే చెక్కు రాసిస్తారనుకుంటారు. ఎంపీల్యాడ్స్ (ఎంపీలు తమ ప్రాంతంలో పనులు సిఫారసు చేసే కేంద్ర పథకం) కింద ఒక్కో సభ్యుడికి ఏడాదికి 5 కోట్ల రూపాయలు ఉంటాయి గానీ, అందులో రూపాయి కూడా ఆయన చేతికి రాదు. ఫలానా పని చేయండని ఆయన సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. 5 కోట్లంటే పెద్ద మొత్తంలాగే వినిపిస్తుంది. మన దగ్గర ఒక్కో లోక్‌సభ స్థానంలో 7 అసెంబ్లీ సెగ్మెంట్లు కాబట్టి, సమానంగా పంచితే సెగ్మెంటుకు 71 లక్షలే. ఆ 5 కోట్లలోనే 15 శాతం ఎస్సీలు ఎక్కువగా ఉండే ప్రాంతాలకు, 7.5 శాతం ఎస్టీల ప్రాంతాలకు పోవాలి. మీ బస్తీ అలాంటిదైతే ఆ మాట దరఖాస్తు మొదటి వాక్యంలోనే రాయండి.

ముందు మీ ఎంపీ ఎవరో తేల్చుకోండి. నవ్వకండి, ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. సిటీలో ఉన్నంత మాత్రాన మీది హైదరాబాద్ స్థానం కాదు. చార్మినార్, కార్వాన్, మలక్‌పేట దాని కిందికి వస్తాయి. అంబర్‌పేట, జూబ్లీహిల్స్, నాంపల్లి సికింద్రాబాద్‌వి. కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీనగర్ వాళ్లు మల్కాజిగిరి ఎంపీని కలవాలి, శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్ వాళ్లు చేవెళ్ల ఎంపీని. రాజ్యసభ సభ్యులైతే తమను ఎన్నుకున్న రాష్ట్రంలో ఎక్కడి పనికైనా సిఫారసు చేయొచ్చు. ఈ దారి చాలామందికి తట్టదు.

గెలిచిన వారంలోనే పరుగెత్తకండి. 2024లో ఫలితాలు జూన్ 4న వస్తే ప్రమాణ స్వీకారాలు 24, 25 తేదీల్లో జరిగాయి. ఆ మధ్యంతా ఇంటి ముందు శాలువాలు, బొకేలే. మీ కాగితం ఏ పూలదండ కింద పడుతుందో చెప్పలేం. ఆ తర్వాత కూడా సమావేశాలు నడిచేటప్పుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఢిల్లీ పనే ఉంటుంది. అప్పుడు శని, ఆదివారాలు నయం.

దీనికంటూ అచ్చు ఫారం లేదు, ఫీజు లేదు. తెల్ల కాగితం చాలు. మా కాలనీ సంఘం మొదటిసారి రాసిన లేఖలో ఏడు కోరికలున్నాయి, గుడికి ప్రహరీ గోడతో సహా. ఆరు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ప్రార్థనా స్థలాలకు, సొంత లాభానికి ఈ నిధులు రావని అప్పటికి మాకు తెలియదు. రెండోసారి ఒక్క పనే రాశాం: “మా వీధి చివరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో 3 గదుల్లో 5 తరగతులు నడుస్తున్నాయి. వానొస్తే ఒక గది కురుస్తుంది. దయచేసి రెండు గదులు కట్టించగలరు.” నేల మీద బక్కెట్టు పెట్టి ఉన్న ఆ గది ఫొటో జతచేశాం. పీఏ గారు లేఖ పక్కన పెట్టి ఫొటోనే చూశారు.

ఫొటోతో పాటు స్థలం ప్రభుత్వానిదేనని చూపే కాగితం పెట్టండి. కట్టాక నిర్వహణ చూసుకుంటామని సంబంధిత సంస్థ హామీ కూడా కావాలి. బడి విషయంలో హెడ్‌మాస్టర్ గారితో ముందే మాట్లాడుకోవడం మేలు. ఇంజినీరుతో అంచనా వేయించగలిగితే ఇంకా మంచిది. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వార్డ్ నంబరు (లేఖ అందిందని ఆఫీసు వేసే నంబరు), తేదీ వేయించుకోండి.

అసలు వెంటపడాల్సింది ఇక్కడి నుంచే. లెటర్‌హెడ్ మీద సంతకం పడగానే అయిపోయిందని మురిసిపోకండి. ఇప్పుడు సిఫారసులన్నీ ఈ-సాక్షి అనే ఎంపీ నిధుల ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదు కావాలి. “పోర్టల్‌లో ఎక్కించారా?” అని పీఏను మర్యాదగా, కానీ ప్రతి వారం అడగండి. ఎక్కాక ఆ వివరాలతో కలెక్టరేట్‌లో ముఖ్య ప్రణాళిక అధికారి విభాగానికి వెళ్లండి. సిఫారసు అందిన 45 రోజుల్లో మంజూరో, తిరస్కారమో తేల్చాలి. తిరస్కరిస్తే కారణం ఎంపీకి తెలియజేయాలి. ఆ కారణం కాపీ పీఏ దగ్గర తీసుకోండి. స్థలం కాగితమో, నిర్వహణ హామీయో తక్కువైందని ఉంటే అది జతచేసి అదే పనిని మళ్లీ పంపించమని అడగండి.