కుందేళ్ల షెడ్డు పెడదామనుకుంటే ముందు ఆడా మగా చూడడం నేర్చుకోండి

విజయనగరం ఊరి చివర మా పెరట్లోని షెడ్డుకి వచ్చేవన్నీ ఎవరో వద్దనుకున్నవే. పిల్లాడి పుట్టినరోజుకి కొన్న తెల్ల కుందేళ్లు, అట్టపెట్టెలో పెట్టి గేటు ముందు వదిలేసిన గినీ పందులు, తెల్ల ఎలుకలు. పక్కింటి మామ్మ ఇప్పటికీ అడుగుతుంది, "ఇన్నేసి మేపుతున్నావు, కూరొండుకోవేటే?" అని. మీరూ ఇలాంటిది మొదలుపెడితే ఆ ప్రశ్న మీకూ తప్పదు. నవ్వేసి ఊరుకోండి.

ఖాళీ పంజరం లేకపోతే కొత్తదాన్ని తీసుకోవద్దు. తెచ్చినవాళ్లు బతిమాలతారు, పిల్లలు ఏడుస్తారు. అయినా సరే. కుందేలు చూడి కాలం దాదాపు 31 రోజులు. పిల్లలు పెట్టిన రోజే మళ్లీ చూడి కట్టగలదు. జాలిపడి ఒక్క రాత్రికే కదా అని రెండిటినీ ఒకచోట సర్దితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

తెచ్చే ప్రతివాళ్లూ "రెండూ ఆడవేనండీ" అంటారు. నమ్మకండి. ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి, నడుముకి చెయ్యి ఆనించి, తోక దగ్గర మూత్రం పోసే రంధ్రానికి అటూ ఇటూ బొటనవేళ్లతో మెల్లగా నొక్కండి. మగదైతే గుండ్రటి చిన్న గొట్టంలాంటిది పైకి వస్తుంది. ఆడదైతే నిలువు చీలిక కనిపిస్తుంది. రెండు నెలల లోపు పిల్లల్లో అనుభవమున్నవాళ్లే పొరబడతారు, కాబట్టి కొన్నాళ్లాగి మళ్లీ చూడండి. గినీ పందుల్లో మగపిల్లల్ని మూడు వారాలకే తల్లి నుంచి విడదీయాలి. మగ కుందేలుకి ఆపరేషన్ చేయించినా ఆరు వారాల దాకా ఆడవాటి దగ్గరికి వదలకండి, అప్పటిదాకా చూడి చేసే అవకాశం ఉంటుంది.

కొత్తగా వచ్చినదాన్ని రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. చెవుల్లో పొక్కు కట్టిందా, ముక్కు కారుతోందా, ముందుకాళ్ల వెంట్రుకలు తడిసి అట్టకట్టాయా చూడండి. జలుబు చేసిన కుందేలు ముక్కుని కాళ్లతోనే తుడుచుకుంటుంది మరి.

మేత దగ్గర మనవాళ్లందరికీ క్యారెట్ పిచ్చి. క్యారెట్ ఎప్పుడైనా ఒక చిన్న ముక్క, అంతే. కడుపు నింపాల్సింది గడ్డి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. మందు కొట్టని గట్ల మీద గరిక కోసి, నీడన ఆరబెట్టి నిల్వ చేసుకోండి. వరిగడ్డి కింద పరచడానికి బాగుంటుంది గానీ దాంట్లో బలం తక్కువ. బిస్కెట్లు, అన్నం వద్దు. గినీ పందులకి మనకిలాగే సి విటమిన్ ఒంట్లో తయారవదు. రోజూ ఒక జామ ముక్కో, క్యాప్సికమో పెట్టండి.

పొద్దున్నే ముందు చూడాల్సింది పెంటికలు. ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపితే గడ్డిపొడిలా విడిపోవాలి. చిన్నవైపోయినా, వెంట్రుకతో దండలా వేలాడినా పొట్ట మందగించిందని అర్థం. పూట గడిచినా మేత ముట్టక, పెంటికలు కూడా వేయకపోతే సాయంత్రం దాకా ఆగకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మెత్తగా, ద్రాక్షగుత్తిలా ఉండేవి మాత్రం వేరే. వాటిని కుందేలు నోటితో నేరుగా తీసుకుని తినేస్తుంది, తిననివ్వండి. కొత్తగా సాయానికి వచ్చిన పిల్లలు అది చూసి టెన్షన్ పడిపోతారు.

మన దగ్గర పశువుల డాక్టర్లు ఎక్కువగా ఆవులు, మేకలు చూసేవాళ్లే. అవసరం పడకముందే గరివిడి పశువైద్య కళాశాలలో కుందేళ్లకి ఎవరు వైద్యం చేస్తారో అడిగి పెట్టుకోండి. ఇంట్లో మిగిలిన అమోక్సిసిలిన్ సిరప్ నోట్లో పోయకండి. అది పేగుల్లోని మంచి బ్యాక్టీరియాని చంపేసి కుందేలునీ, గినీ పందినీ కూడా చంపగలదు. కుక్కల పేలకి వాడే ఫిప్రోనిల్ కూడా కుందేలుకి విషమే.

ఎండాకాలంలో పంజరం బయట తడి గోనెపట్టా కట్టండి. లోపల పరిస్తే పీచు కొరికి మింగేస్తాయి. గాలిలో తేమ ఎక్కువై ఉక్కపోస్తున్న రోజుల్లో తడిపట్టా పెద్దగా పనిచేయదు, ఫ్యాన్ ఉండాలి. గడ్డకట్టిన నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. ఆయాసపడుతుంటే చెవులు తడపండి, నీళ్లలో ముంచకండి. నాగుల చవితికి, దీపావళికి టపాసుల మోతకి బెదిరి దూకి నడుము విరగ్గొట్టుకునేవి ఉంటాయి. ఆ రోజుల్లో షెడ్డు తలుపులు మూసి, దాక్కోవడానికి అట్టపెట్టెలు పెట్టండి.

పొలంలో దొరికిందని ఎవరైనా చెవులపిల్లి (అడవి కుందేలు) పిల్లని తెస్తే తీసుకోకండి. తల్లి పగలంతా దూరంగా ఉండి చీకటి పడ్డాకే పాలిస్తుంది, పిల్ల అనాథ కాదు. దొరికిన చోటే పెట్టి రమ్మనండి. దెబ్బ తగిలితే అటవీ శాఖకి ఫోన్ చేయండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం.

పెంచుకుంటామని వచ్చేవాళ్లకి ఆడా మగా జంటగా ఇవ్వకండి. పంజరం ముందు వాళ్లింట్లో చూసి రండి, కుందేలు తర్వాత.