షట్‌డౌన్ పనికి వెళ్లే ముందు చెవులు చూసుకోండి

మరమ్మతుల కోసం ప్లాంటు ఆపే షట్‌డౌన్ తేదీ ఖరారైందంటే చాలు, విశాఖలో గాజువాక, కూర్మన్నపాలెం, మల్కాపురం వైపు అద్దె గదులు నిండిపోతాయి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఫిట్టర్లు, గ్రైండర్లు, ఖలాసీలు దిగుతారు. గేట్ పాస్, మెడికల్, సేఫ్టీ ట్రైనింగ్ అన్నీ గబగబా ముగించి లోపలికి పంపేస్తారు. హెల్మెట్ ఉందా, షూ ఉన్నాయా, బెల్టు కట్టావా అని అందరూ అడుగుతారు. చెవుల సంగతి మాత్రం ఓ జత నారింజ రంగు ప్లగ్గులు చేతిలో పెట్టి సంతకం తీసుకోవడంతో సరి.

ప్లాంటు ఆపేశాక ఇంకా శబ్దమేముంటుందిలే అని కొత్తవాళ్లు అనుకుంటారు. అసలు మోత అప్పుడే మొదలు. ఇనుము అరగదీసే ఏజీ-4, ఏజీ-7 గ్రైండర్లు, మంటతో లోహాన్ని కరిగించి చెక్కే గౌజింగ్, చిప్పింగ్ హ్యామర్, నట్లు విప్పే ఇంపాక్ట్ రెంచ్, నీటిని జోరుగా చిమ్మి కడిగే హైడ్రోజెట్టింగ్, బయట డీజిల్ కంప్రెసర్. అదీ 12 గంటల షిఫ్టు. గ్రైండర్ పట్టుకున్నవాడి చెవి దగ్గర సుమారు 95 నుంచి 105 డెసిబెల్స్ ఉంటుంది. గౌజింగ్, చిప్పింగ్ దగ్గర ఇంకా పైకి పోవచ్చు.

1948 ఫ్యాక్టరీల చట్టం కింద రాసిన మోడల్ రూల్స్, అంటే నమూనా నిబంధనల పట్టికలో 90 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు, 100 దగ్గర 2 గంటలు, 115 దగ్గర పావుగంట పనిచేయొచ్చని ఉంటుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ లెక్క దీనికన్నా కఠినం. 85 దగ్గర 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగానికి సగం తగ్గాలంటుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర రోజు మొత్తానికి 15 నిమిషాలే. నన్నడిగితే రెండో లెక్కే పట్టుకోండి. చట్టం దాటకపోయినా చెవి పోవచ్చు.

మీటరు లేకపోయినా పసిగట్టవచ్చు. చేయి చాపితే అందే దూరంలో ఉన్న మనిషితో మాట్లాడటానికి గొంతు పెంచాల్సి వస్తోందంటే అక్కడ 85 దాటిందనే అనుకోండి. ఫోన్లో యాప్‌లు కూడా ఓ అంచనాకు పనికొస్తాయి. గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకునే చోట ఆ ముచ్చటా లేదు.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలుంటాయి. అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు, ఏ మందూ తిరిగి తేలేదు. ముందు దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సన్నని శబ్దాలు. అందుకే పోతున్నట్టు మనిషికి తెలియదు. ఇంట్లో వాళ్ల మాట వినబడుతుంది గానీ కాలు అన్నారో పాలు అన్నారో తేలదు. ఫోన్లో అందరూ గొణుగుతున్నారంటాడు, టీవీ సౌండు పెంచుతూ పోతాడు. షిఫ్టు దిగాక చెవిలో గుయ్యిమంటున్నా, దూది కుక్కినట్టు మందంగా ఉన్నా ఆ రోజు మోత మోతాదు మించిందన్నమాటే. తెల్లారేసరికి తగ్గిపోయింది కదా అని వదిలేయకండి. రోజూ అలాగే జరుగుతుంటే ఏదో ఒక రోజు తగ్గడం మానేస్తుంది.

ప్లగ్గు పెట్టుకునే తీరు

ఫోమ్ ప్లగ్గుని చెవి అంచున గుచ్చి వదిలేస్తే లాభం లేదు. ముందు చేతులు కడుక్కోవాలి. గ్రీజు, బూడిద ఉన్న వేళ్లతో నలిపిన ప్లగ్గు చెవిలోకి ఆ మురికినంతా మోసుకెళ్తుంది. రెండు వేళ్ల మధ్య మడత పడకుండా సన్నగా చుట్టండి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగి పట్టుకుంటే లోపలి దారి తిన్నగా అవుతుంది. అప్పుడు లోపలికి తోసి, అది ఉబ్బేదాకా 20 నుంచి 30 సెకన్లు వేలితో ఆపి ఉంచాలి. చాలామంది చేసే తప్పు ఈ చివరి దగ్గరే. తోసి వెంటనే వేలు తీస్తారు, అది బయటికి జారి వస్తుంది. పెట్టుకున్నాక పక్కవాడిని ఎదురుగా నిలబడి చూడమనండి. ప్లగ్గు బయటికి పొడుచుకొచ్చి కనబడితే మళ్లీ తీసి పెట్టాలి. మోతలో రెండు అరచేతులతో చెవులు మూసి చూడండి. మూసినా తెరిచినా పెద్ద తేడా లేకపోతే సరిగ్గా కూర్చున్నట్టు.

అందరికీ ఒకే సైజు సరిపోదు. చెవి రంధ్రం సన్నగా ఉన్నవాళ్లకి, ముఖ్యంగా హెల్పర్లుగా వచ్చే ఆడవాళ్లకి, మామూలు ఫోమ్ ప్లగ్గు నొప్పి పెడుతుంది. నొప్పికి తట్టుకోలేక తీసేస్తారు, పైవాళ్లు మాట వినట్లేదంటారు. చిన్న సైజులు దొరుకుతాయి, అడిగి తెప్పించుకోవాలి. మాటిమాటికీ తీసి పెట్టుకోవాల్సిన పనైతే దారం ఉన్న సిలికాన్ ప్లగ్గు మేలు, సబ్బుతో కడిగి వాడుకోవచ్చు. ఫోమ్‌ది మురికి పట్టాక పారేయడమే.

చెవి మొత్తాన్ని కప్పే ఇయర్ మఫ్ వాడేవాళ్లకి విశాఖలో ఒకటే చిక్కు, చెమట. తలకి తువ్వాలు చుట్టి దాని మీద మఫ్ పెడతారు. గుడ్డ అడ్డం వచ్చిన ఆ సందు చాలు మోత దూరడానికి. కళ్లద్దాల కాడలు కూడా అలాంటి సందే చేస్తాయి. చెమటకి గట్టిపడి పగిలిన కుషన్లు మార్పించుకోండి.

ప్లగ్గుల ప్యాకెట్ మీద 32 అని రాసి ఉంటే మోత 32 డెసిబెల్స్ తగ్గిపోతుందనుకోకండి. అది ల్యాబ్ అంకె. ఫోమ్ ప్లగ్గుకి అందులో సగమే లెక్కలోకి తీసుకోమని నియోష్ చెబుతుంది. గౌజింగ్ లాంటి చోట ప్లగ్గు మీద మఫ్ కూడా పెట్టుకోండి. అయినా రెండూ కూడిపోవు, అదనంగా ఓ 5 డెసిబెల్స్ తగ్గుతుందంతే. మామూలు మోత ఉన్న చోట రెండూ బిగించుకోవడమూ మంచిది కాదు. క్రేన్ సైరన్, బండి రివర్స్ హారన్, గ్యాస్ అలారం వినబడకపోతే అదో ప్రమాదం. చెవికి చేరేది 75, 80 మధ్య ఉంటే చాలు.

ఒక్క నిమిషమే కదా అని తీయడం

అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది. 30 డెసిబెల్స్ నిజంగా తగ్గించే ప్లగ్గునే పెట్టుకున్నారనుకుందాం. 8 గంటల షిఫ్టులో అక్కడో నిమిషం, ఇక్కడో రెండు నిమిషాలుగా మొత్తం అరగంట మోతలో తీసి ఉంచారంటే, ఆ షిఫ్టు మొత్తానికి దక్కే రక్షణ సుమారు 12 డెసిబెల్స్ మాత్రమే. గంట తీసి ఉంచితే 9.

ఎందుకు తీస్తారు? మాట వినబడక. సారు వచ్చి ఏదో కేకేస్తాడు, కుర్రాడు ప్లగ్గు పీకి జేబులో వేస్తాడు, ఆ జేబులోనే ఎలక్ట్రోడ్ ముక్కలు, ఖైనీ పొట్లం. తర్వాత దాన్నే తుడిచి సగం గుచ్చుకుంటాడు. దీనికి మందు షిఫ్టు మొదట్లో అందరినీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్‌లోనే ఉంది. ఆపు, ఎత్తు, దించు, బయటికి రా, ప్రమాదం... ఈ ఐదింటికీ చేతి సైగలు అందరి ముందూ చేసి చూపించి ఒప్పుకోవాలి. వేరే రాష్ట్రాల కుర్రాళ్లు ఉన్న గ్యాంగులో ఇది మరీ అవసరం. సూపర్‌వైజర్లూ, నడుస్తున్న గ్రైండర్ పక్కన నిలబడి అరవకండి. ఎదురుగా వచ్చి కనబడండి, మిషన్ ఆపాక బయటికి పిలిచి మాట్లాడండి. వెనకనుంచి భుజం తట్టారో, ఉలిక్కిపడితే తిరుగుతున్న వీల్ ఎటు పోతుందో తెలీదు.

ట్యాంకు లోపల, ఓడ అడుగున పని ఉందంటే వేరే లెక్క. ఆరుబయట దూరం రెట్టింపైతే మోత 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. ఇనుప గోడల మధ్య అలా తగ్గదు. అక్కడ కూర్చోవడమంటే డప్పు లోపల కూర్చోవడమే. అందుకని చేతిలో పని లేనివాళ్లు లోపల ఉండకూడదు. మ్యాన్‌హోల్ దగ్గర నిలబడే హోల్ వాచ్ మనిషిని, నిప్పురవ్వలు కనిపెట్టే ఫైర్ వాచ్ మనిషిని అందరూ మర్చిపోతారు. గ్రైండర్ పట్టినవాడు మధ్యలో ఆగుతాడు, మారతాడు. వీళ్లు మాత్రం షిఫ్టంతా ఆ మోత పక్కనే. వాళ్లకీ ప్లగ్గు ఇవ్వాలి, రెండు గంటలకోసారి మనిషిని మార్చాలి. కంప్రెసర్‌ని పని దగ్గర్నుంచి దూరంగా పెట్టి పొడుగు హోసు లాగడం, ఇంపాక్ట్ రెంచ్ బదులు హైడ్రాలిక్ టార్క్ రెంచ్ తెప్పించడం కంట్రాక్టర్ ముందుగా అనుకుంటే అయ్యే పనులే.

షిఫ్టు దిగేటప్పుడు ఎయిర్ హోసుతో బట్టల మీద దుమ్ము ఊదుకునే అలవాటు మానండి. చెవికీ చేటు, కంటికీ చేటు, చర్మంలోంచి గాలి ఎక్కితే ప్రాణానికే. మోత తిన్న చెవికి ఓ 16 గంటల నిశ్శబ్దం కావాలంటారు. 12 గంటల షిఫ్టువాడికి అంత ఎక్కడ దొరుకుతుంది? దొరికిన కాస్త విరామంలో బస్సులో ఇయర్‌ఫోన్లు, చవితి పందిట్లో డీజే బాక్సు ముందు చిందులు వద్దు. పెయింటింగ్ గ్యాంగులో ఉన్నవాళ్లు మాస్కు విషయంలో ఇంకాస్త జాగ్రత్త. థిన్నర్లలోని టాలుయీన్ లాంటివి మోతతో కలిస్తే చెవికి మరింత హాని. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటి ఇంజెక్షన్లు పడుతుంటే మోతలో పనిచేస్తున్నానని డాక్టరుకి చెప్పండి.

దూది పెట్టుకుంటే మనసుకి తృప్తి తప్ప పెద్దగా ఆగదు. వేడి నూనె పోయడం, అగ్గిపుల్ల, బండి తాళం పెట్టి తిప్పడం అసలొద్దు. ఈ సముద్రపు ఉక్కకి చెవిలో బూజు ఇట్టే పడుతుంది. చీము కారుతున్నా, నొప్పి ఉన్నా ప్లగ్గు మానేసి మఫ్ అడగండి, ఈఎస్ఐ కార్డుంటే మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి, లేకపోతే పెదవాల్తేరు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లండి. ఒక చెవి ఉన్నట్టుండి వినబడటం మానేస్తే మాత్రం షట్‌డౌన్ అయ్యేదాకా ఆగకండి. మొదటి కొద్ది రోజుల్లో మందు పడితేనే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.

చివరగా గేట్ పాస్ మెడికల్ సంగతి. ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేస్తారా అని అడగండి. చేసేముందు 14 గంటలు మోతకి దూరంగా ఉండాలి. నైట్ షిఫ్టు దిగి నేరుగా వెళ్లి కూర్చుంటే ఆ గ్రాఫు నిజం చెప్పదు. ఆ కాగితం కాపీ అడిగి తీసుకోండి, ఫోన్లో ఫోటో కూడా ఉంచుకోండి. మోత వల్ల వచ్చే చెవుడు చట్టం ప్రకారం అధికారులకి తెలియజేయాల్సిన జబ్బుల్లో ఉంది, నష్టపరిహారం ఇవ్వాల్సిన పని జబ్బుగానూ ఉంది. కానీ షట్‌డౌన్‌కో కంట్రాక్టర్ దగ్గర పనిచేసేవాడి చెవి ఎప్పుడు బాగుందో, ఎప్పుడు చెడిందో ఏ ఆఫీసు ఫైల్లోనూ దొరకదు. వచ్చే ఏడు మెడికల్‌కి పాత కాగితం పట్టుకెళ్లి రెండూ పక్కపక్కన పెట్టించండి. 2000, 3000, 4000 హెర్ట్జ్ దగ్గర సగటున 10 డెసిబెల్స్ పడిపోయిందంటే ప్లగ్గు సరిపోవట్లేదో, పెట్టుకునే తీరు తప్పో తేల్చుకోవాలి. సైజు మార్చమనండి, అదీ కుదరకపోతే గౌజింగ్ నుంచి వేరే పనికి మార్చమనండి.