కాఫీలో క్లోరిన్ వాసన వస్తుంటే ఏం చేయాలి?

పొడి మార్చినా, పాలు మార్చినా కాఫీ తాగుతుంటే ఎక్కడో మందుల వాసన తగులుతోందా? అయితే ఒకసారి కుళాయి నీళ్ల సంగతి చూడండి. క్రిములు చావడానికి అందులో కలిపే క్లోరిన్, కాఫీలో ఉండే ఫినాల్స్ అనే పదార్థాలతో కలిస్తే మందుల వాసన కొట్టే క్లోరోఫినాల్స్ తయారవుతాయి, అవి ఏ కాస్త ఉన్నా నాలుక ఇట్టే పసిగట్టేస్తుంది. అందుకే క్లోరిన్ని పొడి వేయకముందే వదిలించుకోవాలి, తర్వాత ఎంత పంచదార వేసినా దండగే.

ముందు అనుమానం తీర్చుకోండి. మూత ఉన్న సీసాలో సగం దాకా కుళాయి నీళ్లు పట్టి, గట్టిగా ఓ పదిసార్లు ఊపి, మూత తీసిన వెంటనే వాసన చూడండి. స్విమ్మింగ్ పూల్ గుర్తొచ్చిందంటే దొంగ దొరికినట్టే.

పైసా ఖర్చు లేని పద్ధతి, రాత్రి వెడల్పు మూతి గిన్నెలో నీళ్లు పోసి పల్చటి గుడ్డ కప్పి వదిలేయడం. తెల్లారేసరికి క్లోరిన్ చాలావరకు గాల్లో కలిసిపోతుంది. నేను మొదట్లో బాటిల్‌కి మూత బిగించి పెట్టి, వాసన ఎందుకు పోలేదా అని బుర్ర గోక్కున్నాను! తొందరగా కావాలంటే మూత లేకుండా ఐదు నుంచి పది నిమిషాలు మరిగించండి. ఎలక్ట్రిక్ కెటిల్ మరుగు రాగానే ఆగిపోతుంది కాబట్టి దీనికి పొయ్యే మేలు.

రాత్రంతా ఉంచినా వాసన అలాగే ఉందంటే మీ నీళ్లలో కలుపుతున్నది క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడేది) కావచ్చు, అది అంత తేలిగ్గా ఆవిరవదు. అప్పుడు యాక్టివేటెడ్ కార్బన్ (వాసనల్ని పట్టేసే ప్రత్యేకమైన బొగ్గు) ఫిల్టర్ పెట్టండి, నీళ్లు ఎంత నిదానంగా దిగితే అంత మంచిది. విటమిన్ సి కూడా క్లోరిన్ని, క్లోరమైన్‌ని విరిచేస్తుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉంటే 2.5 మిల్లీగ్రాములు చాలు, అంటే పొడి చేసిన బిళ్లలో చూపుడువేలి కొసకు అంటుకున్నంత. బిళ్ల మొత్తం వేస్తే కాఫీ పుల్లబడుతుంది, ఆరెంజ్ ఫ్లేవర్ బిళ్లలైతే అసలు వద్దు.

ఈ వాసన కోసమే ఆర్‌ఓ కొనడం నా దృష్టిలో అనవసరం. అది కాల్షియం, మెగ్నీషియం కూడా లాగేస్తుంది, కాఫీ చప్పగా దిగుతుంది. కార్బన్ వాటి జోలికి పోదు.

ఒక్క జాగ్రత్త, క్లోరిన్ పోయిన నీళ్లకు క్రిముల నుంచి కాపలా ఉండదు, ఏ రోజువి ఆ రోజే వాడేయండి. ఫిల్టర్ నీళ్లను కూడా అప్పుడప్పుడు సీసాలో పోసి ఊపి చూడండి, వాసన మళ్లీ మొదలైతే కార్ట్రిడ్జ్ పనైపోయినట్టే.