పెరటి వైపు గది కలిపేటప్పుడు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పాత ఇంటికి గది కలపదలచినవారు ప్లాను గీయించే ముందు ఒక వానాకాలమంతా పెరటిని గమనించాలి. నీరు ఎటు పారుతుందో, ఎక్కడ నిలుస్తుందో మేకులు పాతి గుర్తుపెట్టుకుని, నీరు ఎక్కిన గుర్తుకు పైన గచ్చు మట్టాన్ని నిర్ణయించాలి.

ఈ ప్రాంతం సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున, డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, జూన్‌లో దాదాపు నడినెత్తికి వస్తాడు. అందుచేత దక్షిణపు కిటికీకి కొద్దిపాటి చూరు ఉంటే చాలు, వేసవి ఎండ ఆగి, చలికాలపు ఎండ లోపలికి వస్తుంది. పడమటి ఎండ ఏటవాలుగా పడుతుంది కనుక చూరు దానిని ఆపలేదు. అటు స్నానాల గదినో సామాన్ల గదినో పెట్టాలి.

పెరట్లో పనస, వేప ఉంటే గదిని వాటికి అనుగుణంగా మలచడమే సరైనదని నా గట్టి నమ్మకం. నీరు పీల్చే వేళ్లలో ఎక్కువ భాగం పైమట్టిలోనే ఉండి, కొమ్మల నీడను దాటి కూడా పాకుతాయి. పొడవాటి పునాది కందకం వాటిని తెగ్గొడుతుంది. ఆ వైపు విడివిడి గుంటలు చేత్తో తవ్వించి, స్తంభాలు లేపి, బీమును నేలకు పైగా పోయించాలి. లావైన వేరు తగిలితే గుంటనే జరపాలి.

పాత గోడ పునాది ఏనాడో కుదురుకుంది. కొత్తది ఇంకా దిగుతుంది. రెండింటినీ కలిపి కట్టేస్తే బీటలు తప్పవు. మధ్య అంగుళం సందు వదిలి, పైన రేకు కప్పించాలి.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసింది వరండా కప్పు మీద. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను కుదిపేసిన తీరు చూసినవారికి దీని అవసరం తెలుసు. తెరిచి ఉన్న వరండాలోకి దూరిన గాలి కప్పును కిందినుంచి ఎత్తుతుంది. అది ఇంటి కప్పుకు కొనసాగింపు అయితే రెండూ లేచిపోయే ప్రమాదముంది. కాబట్టి వరండా కప్పును ఇంటి కప్పుకు దిగువన, విడిగా వేయించి, వాసాన్ని దూలానికి, దూలాన్ని స్తంభానికి ఇనుప పట్టీలతో, బోల్టులతో బిగించాలి. ఇంటి చూరు ఒకటిన్నర అడుగు దాటకపోవడం మంచిది.

20 చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే వెయ్యి లీటర్ల నీరు దిగుతుంది. దానిని పునాదికి దూరంగా అరటి మొక్కలకు మళ్లించాలి.

కొండల వైపు కిటికీ గడపను నేలకు ఒకటిన్నర అడుగు ఎత్తులోనే పెట్టించి ఊచలు వేయిస్తే, చాప మీద కూర్చున్న పెద్దవారికి కూడా మహేంద్రతనయ నది వైపు పొలాలు కనిపిస్తాయి.