పెసర మొలకలో హార్మోను డీఎన్‌ఏను ఎలా కదిలిస్తుందో ఇంట్లోనే చూడటం ఎలా?

హార్మోను ఇస్తే మొక్క పెరుగుతుందని వింటూనే ఉంటాం. కానీ పెరగడంలో రెండు రకాలున్నాయి. ఉన్న కణాలు నీళ్లు పీల్చుకుని సాగడం ఒకటి. కణం రెండుగా చీలడం ఇంకొకటి. దానికి ముందు లోపలి డీఎన్‌ఏ మొత్తం రెట్టింపు కావాల్సిందే. అందుకే ఈ ప్రయోగంలో స్కేలు పక్కన పెట్టేయండి. మనం లెక్కపెట్టేది కొత్త వేళ్లను.

1. గుప్పెడు పెసలు రాత్రంతా నానబెట్టి, తడి ఇసుకలో చల్లి, పైన పలుచగా ఇసుక కప్పండి. వెలుతురులో ఉంచితే వారం, పది రోజుల్లో మొదటి జత ఆకులు విచ్చుకుంటాయి. ఒకే ఎత్తున్నవి 15 ఏరండి. ఇక్కడ బద్ధకిస్తే చివర్లో లెక్క తేలదు.

2. పప్పుబద్దలు అంటుకుని ఉన్న చోటికి 3 సెంటీమీటర్ల కింద, కొత్త బ్లేడుతో కోసి వేళ్లు తీసేయండి. మిగిలిన కాడలో చాలా కణాలు విభజన మానేసి ఊరకే ఉన్నవే. మనకు కావాల్సింది అవే.

3. మన ప్రయోగంలో వాడే హార్మోను ఇండోల్ బ్యుటైరిక్ ఆమ్లం. ఇది ఆక్సిన్లనే మొక్కల హార్మోన్ల జాతిది. దీన్ని 10 మిల్లీగ్రాములు తీసుకోండి. అది నీళ్లలో సరిగా కరగదు కాబట్టి ముందు కొద్దిగా ఆల్కహాల్‌లో కరిగించి, లీటరు నీళ్లలో కలపాలి. ఇంటి త్రాసుతో అంత తక్కువ తూచలేం. కాలేజీ ల్యాబులో అడగండి. చేతికి గ్లవ్స్ మరవద్దు.

4. మూడు గ్లాసులు, ఒక్కోదానిలో ఐదు మొలకలు. మొదటిదానిలో అంతే ఆల్కహాల్ కలిపిన నీళ్లు, రెండోదానిలో హార్మోను. మూడోదానిలో మొదటి గ్లాసు నీళ్లే, కానీ మొలకల ఆకులూ చిగురూ గిల్లేయాలి. 24 గంటలయ్యాక అన్నిటినీ మంచినీళ్లలోకి మార్చి, ఎండ నేరుగా తగలని చోట పెట్టండి. రోజూ నీళ్లు మార్చండి.

5. ఏడో రోజు లెక్కపెట్టండి. మొదటి గ్లాసులో కాడ అడుగున కొన్ని వేళ్లుంటాయి. రెండోదానిలో కాడ పొడవునా గుబురుగా వస్తాయి. మూడోదానిలో బాగా తక్కువ. చిగురు, లేతాకులు తయారుచేసే ఆక్సిన్ కిందికి దిగుతూ ఉంటుంది. గిల్లేస్తే ఆ సరఫరా ఆగిపోతుంది.

వేరు పొట్టు చీల్చుకుని బయటపడేసరికి అసలు కథ జరిగిపోయి ఉంటుంది. ఆక్సిన్ అందగానే నాళాల పక్కనున్న కణాలు మళ్లీ విభజన దారి పట్టి, డీఎన్‌ఏకు నకలు తీసుకుని, చీలి, వేరు మొగ్గ కడతాయి. ఆ నకలు తీయడం మామూలు మైక్రోస్కోపులో కనపడదు. 1957లో హెర్బర్ట్ టేలర్ బృందం ఒక రకం చిక్కుడు వేళ్లకు డీఎన్‌ఏ కట్టడానికి వాడే ముడిసరుకుల్లో ఒకటైన థైమిడిన్‌ను రేడియోధార్మిక రూపంలో తాగించి, అది కొత్త డీఎన్‌ఏలో ఎక్కడ చేరిందో ఫిల్ము మీద పట్టుకుంది. మనకు వేళ్ల లెక్కే సాక్ష్యం.

మోతాదు పెంచితే ఇంకా బాగుంటుందనుకోకండి. ఎక్కువైతే కాడ ఉబ్బి గోధుమరంగుకు తిరుగుతుంది.

కొబ్బరినీళ్లు పోసి చూద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. వాటిలో సైటోకైనిన్లనే మరో రకం మొక్కల హార్మోన్లున్నాయి, అవీ కణవిభజనను రేపేవే. కానీ కాడ మీద వేళ్లు రావడాన్ని అవి మామూలుగా అడ్డుకుంటాయి. పైగా గ్లాసు రెండో రోజుకే పులిసిపోతుంది.