పాత రాళ్ల బ్రోచ్ కొంటున్నారా? ముందు వెనక్కి తిప్పి చూడండి

విక్టోరియా కాలం (19వ శతాబ్దం) నాటిదని అమ్మకానికి పెట్టే బ్రోచ్‌కి, అంటే బట్టకి పిన్నుతో పెట్టుకునే నగకి, ముందువైపు ఫోటోలే ఎక్కువ ఉంటాయి. వయసు తెలిసేది వెనకవైపే. అందుకే వెనకది, పక్క నుంచి తీసినది, పిన్ను దగ్గరగా తీసినది, మూడు ఫోటోలు అడిగి తెప్పించుకోండి. వస్తువు చేతికొచ్చాక 10 రెట్ల భూతద్దంతో చూడండి.

మొదట పిన్ను. 19వ శతాబ్దపు ఇంగ్లీషు బ్రోచ్‌లలో సూది మొన ఎక్కువగా ఒట్టి కొక్కెంలోనే ఆనుతుంది, తాళం ఉండదు. మొన చాలాసార్లు బ్రోచ్ అంచు దాటి బయటికి కనిపిస్తుంది. తిప్పి బిగించే తాళం ఉందంటే అది 20వ శతాబ్దపు వస్తువు, లేదా తాళం తర్వాత మార్చారు. మార్చడం తప్పేమీ కాదు, ధర మాత్రం తగ్గాలి.

కొక్కెం మొదట్లో బూడిదరంగు ముద్ద కనిపిస్తే అది సీసం కలిసిన మాటు, అంటే లోహపు అతుకు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. రేపు కంసాలి బంగారు మాటు వేయడానికి వేడి చేస్తే సీసం బంగారాన్ని తినేసి గుంటలు పడతాయి. ముందు ఆ సీసాన్ని పూర్తిగా గీకి తీయాలి, ఆ పని ఖర్చు బేరంలోనే తగ్గించుకోవాలి.

బంగారం స్వచ్ఛత చెప్పే ముద్ర సంగతి. బ్రిటన్‌లో 9, 12, 15 కారట్లను 1854లో అనుమతించారు. 1932లో 12, 15 తీసేసి 14 తెచ్చారు. కాబట్టి బ్రిటిష్ బ్రోచ్ మీద ‘15’ గానీ ‘625’ గానీ ఉంటే అది ఆ రెండు సంవత్సరాల మధ్యది. అసలు ముద్రే లేనివి కూడా చాలా ఉన్నాయి, అంతమాత్రాన నకిలీ అనుకోవద్దు.

15 కారట్లంటే 62.5 శాతం బంగారం. మొత్తం 8 గ్రాములు, రాళ్లు 10 కారట్లు అనుకుందాం (రాళ్లకి కారట్ అంటే స్వచ్ఛత కాదు, 0.2 గ్రాముల బరువు). రాళ్ల బరువు 2 గ్రాములు పోగా మిగిలిన 6 గ్రాముల్లో మేలిమి 3.75 గ్రాములే. సూది వేరే లోహమైతే ఇంకా తగ్గుతుంది. మన 916 రేటుతో లెక్క కట్టకండి.

ఇక రాళ్లు. పచ్చ, నీలం అని చెప్పిన రాయిని వీలైతే తెల్లకాగితం మీద బోర్లా పెట్టి పైనుంచి చూడండి. అంచు చుట్టూ సన్నటి ఎర్రటి వలయం కనిపిస్తే అది గాజు మీద పల్చని గార్నెట్ పొర అతికించిన రాయి. కెంపు లోపల గ్రామఫోన్ రికార్డు గీతల్లా వంపు తిరిగిన గీతలుంటే అది మంటలో కరిగించి చేసిన కెంపు. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త వెర్నోయ్ ఆ పద్ధతిని ప్రకటించింది 1902లో. బ్రోచ్ 1870 నాటిదంటే రాయి మార్చారు, లేదా తేదీ తప్పు.

రాయి వెనక మూసి ఉంటే లోపల మెరుపు రేకు ఉండొచ్చు. తడి తగిలిందా, రేకు నల్లబడి రాయి కళ తప్పుతుంది, రాయి ఊడదీస్తే గానీ బాగుచేయలేరు. మన మూసకట్టు కెంపుల నగలకీ ఇదే జాగ్రత్త. నీళ్లు, సబ్బు, శబ్ద తరంగాలతో కడిగే అల్ట్రాసోనిక్ మెషిన్ ఏవీ వద్దు. పొడి మెత్తని బ్రష్షుతో దులిపితే చాలు. ముత్యాలు, పచ్చలు, ఓపల్స్ ఉన్నా ఆ మెషిన్ జోలికి పోవద్దు.

ఇండియాలో కొని అమెరికాలో ఉన్న పిల్లలకి పంపాలనుకునేవారు ఆగి ఆలోచించండి. 1972 నాటి చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన కళావస్తువు పురావస్తువు కింద రావచ్చు, అలాంటిదాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. వయసు మీద అనుమానముంటే, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే ధ్రువపత్రం తీసుకున్నాకే పంపండి.